బిడ్డతో ఎవరు మాట్లాడతారు

చాంది పిల్లవాడికి మూడో ముద్ద పెడుతోంది. పెరుగన్నం గోరుముద్దలు చేసి గిన్నె అంచున వరసగా పెట్టుకుంది. వాడు నోరు తెరిచేదాకా ఆగుతుంది. తెరవగానే ముద్ద పెట్టి, బొటనవేలితో పెదవి తుడుస్తుంది. వాడు మింగి, ఆమె మోచేతి పైదాకా ఉన్న తెల్లగాజుల్లో ఒకదాన్ని పట్టుకుని తిప్పాడు. చాంది చెంబు అందుకుని నీళ్ళు తాగించింది. ఈసారి వాడు తల ఆమె భుజానికి ఆనించి రెండుసార్లు రుద్దాడు. గిన్నెలో ఇంకా నాలుగు ముద్దలున్నా ఆమె చేయి కడిగేసుకుంది.

వసారా అంచున చాప మీద కూర్చుని భద్రమ్మ ఇదంతా చూస్తోంది. ఆమె ఒళ్ళో అట్టపెట్టె ఉంది. అందులో చిన్న గంట, చెంచా, గిన్నె, గుడ్డబొమ్మ, ఎర్రబంతి. పోయిన నెల పాల్వంచలో ట్రైనింగయ్యాక ఒక్కో అంగన్‌వాడీ టీచరుకు ఒక్కో పెట్టె ఇచ్చి పంపారు. ఏడాది నుంచి మూడేళ్ళ మధ్య పిల్లల్లో మాట ఆలస్యమైనవాళ్ళను వెతికి కాగితం రాయాలి. గురువారం సాయంత్రం సూపర్‌వైజరు వచ్చి కాగితాలు పట్టుకుపోతుంది. శుక్రవారం భద్రాచలంలో డాక్టరు చూస్తాడు. మూడేళ్ళలోపు పట్టుకుంటే దారిలో పెట్టొచ్చు, ఆ తరువాత రోజురోజుకీ కష్టమవుతుంది అని ట్రైనింగులో పదేపదే చెప్పారు. చాంది ఒళ్ళో ఉన్న గోపాలుకు ఇంకో రెండు నెలల్లో మూడేళ్ళు నిండుతాయి.

భద్రమ్మ ఈ ఊరు వచ్చి మూడు వారాలే అయింది. కారేపల్లి దగ్గరి పల్లెలో పదో తరగతి దాకా చదివింది. నాన్న పోతయ్య ట్రంకుపెట్టె మోసుకొచ్చి, గది కిరాయికి కుదిర్చి, "తక్కువ మాట్లాడు, ఎక్కువ చూడు" అని చెప్పి బస్సెక్కాడు. ఆ మాట ఆమెకు చెప్పనక్కర్లేదు. ఆమె పుట్టుకతోనే అంత.

"ఏమ్మా టీచరూ, మా వాడికి పరీక్షలా? పాసయితే ఏ తరగతిలో వేస్తావు?" అంది రాఘవమ్మ. ఆమె పిల్లవాడి నాయనమ్మ. వాకిట్లో మిరపకాయల రాశి ముందు పీట వేసుకుని తాలుకాయలు ఏరి పక్కన పోస్తోంది. చేతులు మణికట్టు దాకా ఎర్రగా ఉన్నాయి.

"పరీక్ష కాదమ్మా. ఉత్త ఆటనే."

భద్రమ్మ పిల్లవాడి వెనక్కి వెళ్ళి ఎడమచెవి దగ్గర గంట కదిపింది. వాడు గిరుక్కున తిరిగాడు. కుడిచెవి దగ్గర కదిపింది. అటూ తిరిగాడు. ఆమె ముందుకొచ్చి బంతి, చెంచా, బొమ్మ వరసగా పెట్టింది.

"గోపాలూ, బంతి ఇటియ్యి నాన్నా."

వాడు ఆమె ముఖం చూడలేదు. చాంది చేతులవైపు చూశాడు. చాంది అరచేయి గుండ్రంగా చేసింది. వాడు టక్కున బంతి తీసి ఇచ్చాడు.

"చూశావా? ఎంత తెలివో!" అంది రాఘవమ్మ.

"అక్కా, నువ్వు చేతులు కదపకు" అంది భద్రమ్మ. చాంది చేతులు రెండూ ముసుగుకొంగు కింద దాచుకుంది.

"గోపాలూ, చెంచా ఏది?"

వాడు కొంగు వైపు చూశాడు. కొంగు కదల్లేదు. బొమ్మ అడిగింది, గిన్నె అడిగింది. వాడు కొంగు కొస పట్టుకుని లాగుతున్నాడు తప్ప ఇటు తిరగలేదు. ఆఖరికి భద్రమ్మ, "అమ్మ ఏది? అమ్మ ఎక్కడుంది?" అని అడిగింది.

పిల్లవాడి తల్లి పద్మావతి గుమ్మంలోనే ఉంది. మూడు నెలల చంటిదాన్ని భుజాన వేసుకుని, వీపు నిమురుతూ నిలబడి ఉంది. చంటిదానికి పుట్టినప్పటినుంచీ ఆయాసం. పద్మావతికి పగలూ రాత్రీ దానితోనే సరిపోతోంది. కొడుకు తనవైపు తిరుగుతాడేమోనని చూసింది. వాడు తిరగలేదు. ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

"ఎన్ని మాటలంటడమ్మా?" అని భద్రమ్మ రాఘవమ్మను అడిగింది.

"ఎందుకనడూ? అత్త అంటాడు, తాత అంటాడు."

"అనడత్తయ్యా" అని లోపలినుంచి పద్మావతి గొంతు వినిపించింది.

"అంటాడులే, నీకు వినబడదు" అంది రాఘవమ్మ. "వసకొమ్ము అరగదీసి తేనెతో నాలిక్కి రాస్తున్నాను. పురిట్లో రాశాం, ఇప్పుడు మళ్ళీ రోజూ రాస్తున్నాను. వాళ్ళ తాతకి నాలుగో ఏట గానీ మాట రాలేదు. ఇప్పుడు ఆ భద్రాచలం ఎరువుల కొట్లో కూర్చుని ఊరందరితో బేరాలాడటం లేదూ? నువ్వేం కంగారుపడి రాసెయ్యకు."

"ఇంట్ల మాట రానోళ్ళు, చెవులు వినపడనోళ్ళు ఎవరన్న ఉన్నరా అమ్మా?" ఆ ప్రశ్న కాగితం మీద ఉంది. అడగక తప్పదు.

"మా వైపు లేరు" అంది రాఘవమ్మ, 'మా' అన్నచోట కాస్త ఒత్తి.

"మా వైపూ లేరు" అంది లోపలి గొంతు.

భద్రమ్మ చాందికేసి చూసింది. వచ్చి రెండు గంటలయింది. ఆమె నోటినుంచి ఒక్క మాట రాలేదు. వస్తూనే 'నీ పేరేందక్కా' అని అడిగితే రాఘవమ్మ ముఖం చూసింది. "చాంది దాని పేరు. దాన్నడిగితే ఏం చెప్తుంది, ఏం కావాలన్నా నన్నడుగు" అంది రాఘవమ్మ. ఇప్పుడు చాంది పిల్లవాణ్ణి చాచిన కాళ్ళమీద పడుకోబెట్టుకుని ఊపుతోంది. ఊపుతోంది, తడుతోంది, కళ్ళమీదికి వచ్చిన జుట్టు తీస్తోంది. జోల లేదు. కనీసం ఊఁ అని కూడా అనలేదు.

ఇంతమంది చెప్పనిది తాను కనిపెట్టినట్టు అనిపించింది భద్రమ్మకు. కాగితం మోకాలిమీద పెట్టుకుని గుండ్రటి అక్షరాలతో రాసింది: 'బిడ్డను చూసే ఆయా మూగ. చెవులు వినపడతాయి.'

ట్రైనింగులో కాగితాలు రెండు కట్టలు కట్టమన్నారు. పుట్టుకలోనే లోపం ఉందనుకున్న పిల్లలవి ఒక కట్ట. ఆ పిల్లల చెవులూ నాలుకా చూసి డాక్టరు ఏదో ఒకటి తేలుస్తాడు. లోపమేమీ లేక, పలకరింపు చాలక వెనకబడిన పిల్లలవి రెండో కట్ట. ఆ ఇళ్ళకు వారం వారం వెళ్ళి తల్లికి చెప్పాలి, పిల్లను మాట్లాడించాలి. ఇంట్లో మూగ మనిషి ఉంటే ఏ కట్టలో పెట్టాలో భద్రమ్మకు గుర్తు రాలేదు. చాలాసేపు ఆలోచించి మొదటి కట్టలో పెట్టింది.

బుధవారం తెల్లవారుతూనే తండాకు బయలుదేరింది. మిరప ఏరే రోజులు. పొద్దెక్కితే తల్లులందరూ ట్రాక్టరెక్కి చేలకు పోతారు, తండాలో ముసలివాళ్ళు తప్ప ఎవరూ ఉండరు. వాగులో నీళ్ళు మడమల దాకా కూడా లేవు. చెప్పులు చేతిలో పట్టుకుని దాటింది. ముందు రెండు ఇళ్ళల్లో ముగ్గురు పిల్లలను చూసింది. గంటకు తిరిగారు, బంతి ఇచ్చారు. అమ్మలు వాళ్ళ భాషలో అడిగితే పిల్లలు జవాబులు చెబుతున్నారు. భద్రమ్మకు భాష రాకపోయినా తల్లి అడిగినదాన్నే పిల్ల చూపిస్తోందా లేదా అన్నది తెలుస్తూనే ఉంది.

మూడో ఇంటి దడి దగ్గరికి వచ్చేసరికి లోపల ఎవరో ఆడమనిషి మాట్లాడుతోంది. తెరిపి లేకుండా మాట్లాడుతోంది. ఒక ప్రశ్న అడిగి ఆగుతుంది. చిన్నపిల్ల గొంతు ఏదో అంటుంది. ఆమె 'ఆఁ' అని, దానికి ఇంకో నాలుగు మాటలు కలిపి తిరిగి చెబుతుంది. మధ్యలో కోడిని అదిలిస్తుంది. కోడి తరఫున తానే జవాబు చెబుతుంది. పిల్ల కిలకిల నవ్వుతుంది. ఆ వెంటనే కూనిరాగంలోకి దిగి, అందులోంచి మళ్ళీ మాటల్లోకి వస్తుంది.

భద్రమ్మ దడి కంతలోంచి తొంగి చూసింది. చాంది రెండేళ్ళ పిల్లను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని చిక్కు తీస్తోంది.

చెప్పులు చేతిలోంచి జారి పడ్డాయి. చాంది తల ఎత్తి చూసి చటుక్కున ఆగిపోయింది. దువ్వెన పిల్ల జుట్టులోనే ఉండిపోయింది.

మంచం మీద కాలు చాపుకుని కూర్చున్న ఆమె మొగుడు ధన్‌సింగ్ పకపకా నవ్వాడు. "ఆగింది! టీచరమ్మా, నువ్వు రోజు పొద్దుగాల వచ్చి గట్ల నిలబడు. ముప్పై ఏండ్ల సంది దీని నోరు మూపియ్య నాతోని కాలే."

"నువ్వు ఊకో" అంది చాంది తెలుగులోనే. "కాలిరిగినా నీ నోరు ఇరగలే."

"అక్కా..." అంది భద్రమ్మ. "నీకు మాటలొస్తయా?"

"ఎందుకు రావు? నాకేమైంది?"

"మొన్న ఆడ ఒక్క మాట మాట్లాడకపోతివి. నేను నీకు మాట రాదనుకున్న."

ధన్‌సింగ్ మళ్ళీ నవ్వబోయి చాంది ముఖం చూసి మానుకున్నాడు. చాంది దువ్వెన తీసి పిల్ల జుట్టు మూడు పాయలు చేసింది. "గా ఇంట్ల మాట్లాడొద్దు గద" అంది.

"ఎవరన్నరు?"

"పెద్దమ్మ. మరెవరంటరు?" జడ అల్లడం మొదలుపెట్టింది. అల్లుతూనే చెప్పింది. "ముందుగాల నేను ముచ్చట్లు చెప్పుకుంటనే ఎత్తుకునేది. నా మనుమరాలు ఈ హేమ్లికి చెప్పినట్టే. పిల్లగానికి ఏడాది దాటింది. ఒకనాడు వాళ్ళ దేశం, ఏలూరు దిక్కుకెల్లి చుట్టాలొచ్చిండ్రు. అందరు తింటాండ్రు. చిన్నమ్మ, ఆని తల్లి, నెయ్యి పోస్తాంది. ఆడు నా సంకల ఉండి చిన్నమ్మ దిక్కు చెయ్యి చాపి, 'యాడీ' అన్నడు."

"అంటే?"

"అమ్మా అని. గదే మొదటి మాట ఆనికి. చుట్టాలు అందరు నవ్విండ్రు. లంబాడోళ్ళ పిల్లగాడు పుట్టిండని ఒక ముసలాయన అన్నడు. వాళ్ళు పోయినంక పెద్దమ్మ నన్ను కూసోబెట్టి చెప్పింది. నీ మాట వద్దు, నీ తెలుగు సుత వద్దు. ఎత్తుకో, తినపెట్టు, పండపెట్టు. నోరు తెరిస్తే ఆనాటితోని పని బంద్." చాంది జడ కొసకు గుడ్డపీలిక చుట్టి ముడి వేసింది. "ఫస్టుల మస్తు కష్టమయ్యేది. పొరపాటున నోరు తెరిస్తనేమో అని కొంగు పండ్లల్ల పెట్టుకునేది. పొద్దుగూకి వాగు దాటినంక, ఆనికి చెప్పాల్సినయన్ని రాళ్ళకు చెప్పుకుంట వస్త. ఇగో, ఈయన పిచ్చిలేసిందనుకున్నడు."

"మరి పిల్లగాడు?"

"కొన్ని దినాలు నా నోరు పట్టి గుంజేది. ఏళ్ళు పెట్టి చూసేది, లోపల ఏమన్నున్నదా అని. తర్వాత ఆడు సుత బంద్ చేసిండు."

హేమ్లి వచ్చి భద్రమ్మ ఒళ్ళోని పెట్టెలో చేయి పెట్టి బంతి తీసుకుంది. దాన్ని తాతకు చూపించి ఏదో పెద్ద కథే చెప్పింది. భద్రమ్మ ఆ పిల్ల కాగితం మీద ఏమీ అడగకుండానే రాసేసుకుంది.

లేచేటప్పుడు చాంది దడిదాకా వచ్చింది. "టీచరమ్మా, గదంత రాస్తవా?"

"ఏదో ఒకటి రాయాలె గదక్కా. లేకపోతే పిల్లగానికి లోపమున్నదనుకుంటరు."

"నా పేరు రాయకు." ఆమె మంచంవైపు చూసింది. "ఆయన కాలు సంగతి చూసినవు గద. ఇంటి మొత్తానికి నాదొక్కటే పని. పని పోతే పోయింది, ఆడు నేను పెడితే తప్ప తినడు. రాయకు."

"నీ పేరు రాయనక్కా. ఒట్టు."

ఆ సాయంత్రం భద్రమ్మ కాగితం ముందేసుకుని కూర్చుంది. 'ఆయా మూగ' అన్న మాటలమీద ఒక గీత గీసింది. కింద కొంచెమే చోటుంది. ఎవరినీ నొప్పించకుండా, అబద్ధం రాకుండా రాయాలి. రెండు మూడు రకాలుగా పాతనోటుబుక్కులో రాసి చూసుకుంది. చివరికి ఇలా కుదిరింది: 'బిడ్డకు ఏ లోపమూ లేదు. ఏడాది వయసులో మాట వచ్చి ఆగిపోయింది. పగలంతా బిడ్డ దగ్గర ఉండే మనిషి మాట్లాడటానికి వీలు లేదు. వీలు కలిగిస్తే మాట వస్తుంది.' పేరు ఎక్కడా లేదు. నాలుగుసార్లు చదువుకుంది. తేలిగ్గా ఊపిరి తీసుకుని కాగితాన్ని రెండో కట్టలోకి మార్చింది.

అయితే కాగితం అడుగున తల్లో తండ్రో సంతకం పెట్టాలి. గురువారం పొద్దున్నే రాఘవమ్మ ఇంటికి వెళ్ళింది. మగవాళ్ళిద్దరూ అప్పటికే కొట్టుకు వెళ్ళిపోయారు. రాఘవమ్మ మిరపరాశి దగ్గరే ఉంది. చాంది పిల్లవాణ్ణి చంకన వేసుకుని వసారా స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. భద్రమ్మను చూసి కళ్ళు దించుకుంది.

"చదివి వినిపించవే, సంతకం పెట్టేముందు ఏం రాసిందో తెలియొద్దూ" అంది రాఘవమ్మ.

పద్మావతి చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని కాగితం అందుకుంది. మొదట పేరు, వయసు చదివింది. కొట్టేసిన గీత దగ్గర ఆగి, కళ్ళు చికిలించి, "ఆయా మూగ..." అంది.

రాఘవమ్మ ఒక్క క్షణం చూసి, ఫక్కున నవ్వింది. పీట కిర్రుమంది. "చాంది మూగా! ఏమ్మా టీచరూ, నీకెవరు చెప్పారు? అయ్యో రామ! ఏమే చాందీ, నువ్వు మూగదానివట!" నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకోబోయి, చేతుల కారం గుర్తొచ్చి ఆగింది. "సరే, అది కొట్టేసింది కదా. కిందది చదువు."

పద్మావతి కిందది చదివింది. 'మాట్లాడటానికి వీలు లేదు' అన్నచోట ఆమె గొంతు సన్నబడింది. చదివేసి కాగితం మడవలేదు, అలాగే పట్టుకుంది.

రాఘవమ్మ చేతిలోని మిరపకాయ తొడిమ తుంచి, మంచికాయను తాలుకాయల్లో వేసింది. చూసుకుని మళ్ళీ తీసింది.

"ఏడాది వయసులో మాట వచ్చిందని ఎవరు చెప్పారు నీకు?"

పేరు రాయనంత మాత్రాన మనిషి కనబడకుండా పోదని అప్పుడు తెలిసింది భద్రమ్మకు. ఇంట్లోవాళ్ళు కాక, ఆ మాట విన్న మనిషి ఈ ఊళ్ళో ఇంకొకతే ఉంది.

"తండాకు పోయినవు నువ్వు" అంది రాఘవమ్మ తానే. ఆ 'పోయినవు' అన్నది వెక్కిరింపు. "పోనీ, నా సంగతి కూడా రాసుకో. మేం ఇక్కడికొచ్చి ఇరవై ఆరేళ్ళు. మా వాణ్ణి తీసుకుని ఏలూరు పెళ్ళిచూపులకి వెళ్ళాం. ఆ పెద్దాయన ఏదో అడిగితే వీడు 'గట్ల గాదండీ' అన్నాడు. ఆ పిల్ల పక్కకి తిరిగి నవ్వింది. వాళ్ళమ్మ నవ్వింది. పనిపిల్ల కూడా నవ్వింది. ఇరవై రెండేళ్ళవాడు తల వంచుకుని లేచి వచ్చేశాడు. ఇప్పటికీ నలుగురిలో నోరు విప్పడు నా కొడుకు. మనవణ్ణి కూడా అలాగే వదిలెయ్యనా?"

"మంచి మాటే నేర్పాలనుకున్నరమ్మా. కానీ ఏ మాటా ఇనకపోతే..."

"ఇనకపోతే!" అంది రాఘవమ్మ. తరువాత ఏదో తేలిపోయినట్టు తల ఊపింది. "సరే. మాటలు కావాలి, అంతేగా? మా అక్క మనవరాలు ఏలూరులో ఖాళీగా ఉంది. ఉత్తరం రాస్తే వచ్చేవారానికి వస్తుంది. పొద్దస్తమానం వాగుతుంది అది. చాందీ, రేపటినుంచి నువ్వు రానక్కర్లేదు. కాదు, ఇప్పుడే వెళ్ళు."

"అమ్మా, గట్ల కాదమ్మా..." అని నాలుక్కరుచుకుంది భద్రమ్మ. అయినా ఆగలేదు. "పిల్లగానికి ఈమెనే ఎరుక. ఈమె సైగ చేస్తేనే చూస్తడు. ఈమె నోటికెల్లే మొదలుపెట్టాలె. కొత్త మనిషొస్తే ఆడు ఇంకింత లోపలికి పోతడు."

"నువ్వు కాగితం రాసేదానివి. రాశావు. చాలు."

"అత్తయ్యా" అంది పద్మావతి. ఆమె ఇంకా కాగితంకేసే చూస్తోంది. "ఆ రోజు వాడు పిలిచింది నన్ను."

"ఏమిటీ?"

"యాడీ అని. నెయ్యిగిన్నె పట్టుకుని ఉన్నాను. నన్నే పిలిచాడు. అందరూ నవ్వుతుంటే నాకూ సిగ్గేసింది. నేను పలకలేదు." పెన్ను తీసుకుని సంతకం పెట్టింది. అక్షరాలు గీత దాటి పోయాయి.

రాఘవమ్మ కోడలివైపు చూడలేదు. చాంది పిల్లవాణ్ణి చంకలోంచి దించింది. వాడు దిగనని కాళ్ళు ముడుచుకున్నాడు. రెండోసారి వంగి నేలమీద నిలబెట్టింది. వాడు ఆమె లంగా అంచు రెండు పిడికిళ్ళతో పట్టుకున్నాడు. వాడి నోరు తెరుచుకుంది. ముఖం ఎర్రబడింది, మెడనరాలు పొంగాయి. ఏడుపు మాత్రం గాలిలాగే వచ్చింది.

పద్మావతి చంటిదాన్ని చాపమీద పడేసినట్టు పడుకోబెట్టి పరుగున వచ్చి వాణ్ణి ఎత్తుకోబోయింది. వాడు ఆమెను నెట్టేశాడు. రాఘవమ్మ పీటమీంచి లేచింది. రెండడుగులు వేసి, తన చేతులు చూసుకుని, వాటిని ఒంటికి దూరంగా పట్టుకుని ఆగిపోయింది. ఆ చేతులతో పిల్లవాణ్ణి ముట్టుకోవడానికి లేదు.

"ఊరుకోరా నాన్నా, ఊరుకో" అంది. వాడు ఆమెవైపు తల కూడా తిప్పలేదు. గుక్క పట్టాడు. గుక్క తిరగడానికి చాలాసేపు పట్టింది. తిరిగాక మళ్ళీ పట్టాడు.

"చాందీ" అంది రాఘవమ్మ. "ఏదో ఒకటి చెప్పవే వాడికి. వింటాడు. రేపొస్తానని చెప్పు, పోనీ." చాంది కదలకపోయేసరికి ఆమె ఇంకో అడుగు ముందుకు వేసింది. "నీ మాటలోనే చెప్పు. నేనేం అనను. చెప్పి వెళ్ళు."

భద్రమ్మ చాంది పెదాలవైపు చూసింది. పద్మావతి కూడా అక్కడికే చూస్తోంది.

చాంది మోకాళ్ళమీద కూర్చుంది. పిల్లవాడి ముఖం కొంగుతో తుడిచింది, ముక్కు చీదించింది. లంగా అంచునుంచి వాడి వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. ఆ చేతిని తీసుకెళ్ళి పద్మావతి చేతిలో పెట్టి, పైనుంచి ఒకసారి గట్టిగా నొక్కింది. లేచి ముసుగు సర్దుకుంది. భద్రమ్మ పక్కనుంచే వెళ్ళింది గానీ ఆమెకేసి చూడలేదు. మెట్లు దిగి, మిరపరాశి చుట్టూ తిరిగి, గేటు తీసుకుని బయటికి నడిచింది.